మరమ్మతుల మీద మరమ్మతులు, అయినా మూతపడిన మిల్లు: బోధన్ చక్కెర చర్చపై ఒక సమీక్ష

తెలంగాణలో నిజామాబాద్ జిల్లా బోధన్ షక్కర్‌నగర్‌లోని చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి మూతపడింది. దాన్ని తెరిపిస్తామన్న మాట మాత్రం ఆ తర్వాత ఒక్క ఎన్నికలోనూ మూతపడలేదు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేసి, బ్యాంకుల బాకీలు తేల్చే పనికి దిగడంతో పాత వాదాలన్నీ మళ్లీ బయటికి వచ్చాయి. ప్రైవేటుకు అప్పగించడమే కొంప ముంచిందని ఒకరంటారు. సర్కారు చేతిలో ఉండగానే లోపల గుల్లయిందని ఇంకొకరంటారు. చెరుకే లేని చోట మిల్లు దేనికని మరొకరి ప్రశ్న.

ఈ వాదాల కింద అందరికీ ఉమ్మడిగా ఒక చిక్కుముడి ఉంది. ఈ మిల్లును ఎవరూ పట్టించుకోకుండా వదిలేయలేదు. ప్రతి దశలోనూ ఏదో ఒక పరిష్కారం చేశారు. అప్పు తెచ్చారు, ఆస్తులు అమ్మారు, సిబ్బందిని తగ్గించారు, యాజమాన్యాన్ని మార్చారు, సభాసంఘాలు వేశారు, కోర్టులకు వెళ్లారు. ఒక్కోటీ ఆనాటి గండం గట్టెక్కించింది. ఆ తర్వాత వచ్చిన గండం అంతకన్నా పెద్దదయింది. ఇలా ఎందుకు జరిగింది? దీనికి ఇప్పటిదాకా వచ్చిన జవాబులేమిటి, ఏది ఎంతవరకు నిలుస్తుంది, ఏవి ఇంకా తేలలేదు? ఈ వ్యాసం చూసేది వీటిని.

నీళ్లు ముందు, మిల్లు తర్వాత

బోధన్ మిల్లు ఒంటరిగా పుట్టలేదు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ చీఫ్ ఇంజినీరుగా మంజీర మీద కట్టిన నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని కింద అనుకున్న ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ఏడాది పొడవునా నీళ్లు అందే నేల ఉంటే దానికి తగిన పంట కావాలి. ఆ పంట చెరుకు అయింది. చెరుకు ఉంటే మిల్లు కావాలి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది, మరుసటి ఏడు క్రషింగ్ మొదలైంది. ఆసియాలోనే అతి పెద్ద చక్కెర మిల్లుల్లో ఒకటిగా దానికి పేరు వచ్చింది. జానకంపేట నుంచి బోధన్ దాకా రైలు మార్గం, మిల్లు చుట్టూ కాలనీలు, వేల ఎకరాల్లో మిల్లు సొంత చెరుకు క్షేత్రాలు ఉండేవి.

ఈ చరిత్రలో రెండు సంగతులు తర్వాతి కథకు ముఖ్యం. నీరు, నేల, పంట, రవాణా, యంత్రం అన్నీ ఒకే ఆలోచనలో అమరాయి. సొంత క్షేత్రాలు ఉండటం వల్ల, బయటి రైతు ఒక ఏడాది వెనకడుగు వేసినా గానుగకు కొంత మేత దొరికేది. తర్వాతి దశాబ్దాల్లో మెట్‌పల్లి, మెదక్, జహీరాబాద్, మిర్యాలగూడ, హిందూపురం వంటి చోట్లకూ సంస్థ విస్తరించింది. ఆ అమరిక మాత్రం బోధన్‌లో ఉన్నంత గట్టిగా మరెక్కడా లేదు.

ఒక చెరుకు లోడు వెనక ఉన్న లెక్క

వాదాల్లోకి వెళ్లే ముందు మిల్లుకూ రైతుకూ మధ్య జరిగే వ్యవహారం చూడాలి. చెరుకు పది నుంచి పన్నెండు నెలల పంట. ఒకసారి నాటిన మొక్కతోట నరికాక దాని మోళ్ల నుంచే మళ్లీ కార్శితోట వస్తుంది. అంటే ఒక్కసారి చెరుకు వేయాలని నిర్ణయించిన రైతు రెండు మూడేళ్లకు తన పొలాన్ని మిల్లుకు కట్టేసినట్టే. మిల్లు కటింగ్ ఆర్డర్ ఇచ్చాకే నరకాలి. నరికిన గడ ఒక రోజులో గానుగ ఎక్కితే సరే. యార్డులో లారీలు బారులు తీరి రెండు మూడు రోజులు ఎండితే కాటాలో బరువు తగ్గుతుంది, గడలోని చక్కెర విరిగిపోయి రికవరీ పడిపోతుంది. బరువు నష్టం రైతుది, రికవరీ నష్టం మిల్లుది.

మిల్లు వైపు లెక్క వేరు. బాయిలర్లు మండేది ఆ చెరుకు పిప్పితోనే. చెరుకు రాక మధ్యలో ఆగితే ఆవిరి వృథా, మళ్లీ రాజేయడానికి అదనపు ఇంధనం. జీతాలు, వడ్డీలు, నిర్వహణ ఖర్చులు మాత్రం గానుగ సగం ఆడినా పూర్తి ఆడినా మారవు. కాబట్టి చెరుకు తగ్గిన కొద్దీ బస్తా చక్కెర మీద పడే ఖర్చు పెరుగుతుంది. 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం రైతుకు 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. చేతిలో డబ్బాడని మిల్లు మొదట వాయిదా వేసేది ఈ చెల్లింపునే. ఎందుకంటే బ్యాంకు నోటీసు ఇస్తుంది, కార్మికుడు గేటు దగ్గర కూర్చుంటాడు, రైతు మాత్రం కొన్నాళ్లు ఓపిక పడతాడు.

అసలు చిక్కంతా ఆ ఓపికలో ఉంది. బకాయి రావాల్సిన రైతు ఆ సీజన్‌లో ఏమీ చేయలేడు, పంట నరికి ఇచ్చేశాడు. తర్వాతి సీజన్‌లో కార్శి దున్నేసి వరి వేస్తాడు, లేదా చెరుకును బెల్లం గానుగకు తోలుతాడు. కామారెడ్డి బెల్లం మార్కెట్ ఎంతో దూరం లేదు. మిల్లు చేసిన ఆలస్యానికి శిక్ష ఏడాది తర్వాత, చెరుకు కొరత రూపంలో వస్తుంది. అప్పటికి ఆ ఆలస్యం ఎవరికీ గుర్తుండదు. కొరతకు కారణం వర్షాలనో, రైతుల ఆశనో, కార్మికుల అలసత్వమనో అనుకుంటారు. ఇలా ఏడాది ఆలస్యంగా తేలే ఫలితం బోధన్‌కే ప్రత్యేకం కాదు: గత ఏటి ధర చూసి ఈ ఏడు నాటడం వల్ల పంటలూ ధరలూ ఊగిసలాడతాయన్న సాలెగూటి సిద్ధాంతాన్ని అమెరికా వ్యవసాయ ఆర్థికవేత్త మొర్డెకాయ్ ఎజెకియల్ వివరించింది 1938లో. బోధన్ గానుగ మొదటిసారి ఆడిన ఏడాదీ అదే.

పరిష్కారాల వరుస

1990ల చివర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు సాయంతో ప్రభుత్వ రంగ సంస్థల సంస్కరణ చేపట్టింది. మూసివేతలు, అమ్మకాలు, స్వచ్ఛంద పదవీ విరమణ అప్పటి పనిముట్లు. నిజాం షుగర్స్ యూనిట్లలో కొన్నిటిని విడిగా అమ్మేశారు. సొంత క్షేత్రాల భూములు విడతలుగా చేజారాయి. 2002లో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లతో నిజాం దక్కన్ షుగర్స్ అనే ఉమ్మడి సంస్థ ఏర్పడింది. అందులో డెల్టా పేపర్ మిల్స్‌కు 51 శాతం, ప్రభుత్వానికి 49 శాతం వాటా.

ఆస్తులకు తక్కువ విలువ కట్టారన్న ఆరోపణలతో ప్రభుత్వం మారాక శాసనసభా సంఘం విచారించింది, ఒప్పందం రద్దుకు సిఫారసు చేసింది. వ్యవహారం కోర్టులకెక్కింది. మిల్లు ఎవరిదో తేలని ఏళ్లలో అందులో కొత్త పెట్టుబడి పెట్టాలన్న ఉబలాటం ఎవరికీ ఉండదు. 2014 ఎన్నికల్లో ప్రభుత్వపరం చేస్తామన్న హామీ వచ్చింది. 2015లో ఆ దిశగా ఉత్తర్వులు వెలువడ్డాయి. మహారాష్ట్ర తరహాలో రైతులే సహకార సంఘంగా నడుపుకోవాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ ఏడాది చివరికి మూడు యూనిట్లూ ఆగిపోయాయి. దివాలా ప్రక్రియ మొదలై, 2019లో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. మిగిలిన కాస్త చెరుకు కామారెడ్డి వైపు ప్రైవేటు మిల్లుకు తరలింది.

నాలుగు వాదాలు

*యాజమాన్యమే మూలమన్న వాదం.* ఇందులో రెండు ఎదురెదురు వర్గాలున్నాయి. ప్రభుత్వ రంగాన్ని సమర్థించేవారు లాభాల్లో నడవగల సంస్థను చవగ్గా కట్టబెట్టారంటారు. సంస్కరణవాదులు హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ చెప్పిన మెత్తని బడ్జెట్ కట్టడిని గుర్తుచేస్తారు: నష్టం వస్తే ఖజానా ఆదుకుంటుందన్న ధీమా ఉన్నచోట ఖర్చు అదుపులో ఉండదు. రెండు వర్గాలకూ ఇబ్బంది పెట్టే సాక్ష్యం జిల్లాలోనే ఉంది. బోధన్ ప్రభుత్వ రంగంలో జబ్బు పడింది, ఉమ్మడి సంస్థగా మూతపడింది. నిజామాబాద్ శివారులోని సారంగాపూర్ మిల్లు సహకార రంగంలోదే, అదీ మూతపడింది. మరోవైపు ఉమ్మడి జిల్లాలోనే గాయత్రి షుగర్స్ ప్రైవేటుగా నడిచింది. యాజమాన్యం లెక్కలోకి రాదనలేం. అదొక్కటే లెక్క అనీ అనలేం.

*ధరల విధానమే మూలమన్న వాదం.* చెరుకు ధర కేంద్రం నిర్ణయిస్తుంది, చక్కెర ధర మార్కెట్ నిర్ణయిస్తుంది, మధ్యలో మిల్లు నలుగుతుంది అన్నది దీని సారం. 2012లో రంగరాజన్ కమిటీ మిల్లు రాబడిలో రైతుకు స్థిర వాటా ఇవ్వాలంది. మిల్లులు ప్రభుత్వానికి చవగ్గా ఇవ్వాల్సిన లెవీ చక్కెర పద్ధతి మాత్రం 2013లో పోయింది, వాటా పద్ధతి దేశమంతటా నిలదొక్కుకోలేదు. 2018లో చక్కెరకు కనీస అమ్మకపు ధర పెట్టి, 2019లో కిలో 31 రూపాయలు చేశారు. ఆ ధర అక్కడే ఉండగా చెరుకు మద్దతు ధర 2018–19లో క్వింటాలుకు 275 రూపాయల నుంచి 2024–25లో 340కి చేరింది. ఇథనాల్‌తో గట్టెక్కుతామని మిల్లులు డిస్టిలరీలు కట్టుకుంటే, చక్కెర కొరత భయంతో 2023 డిసెంబరులో కేంద్రం చెరుకు రసం నుంచి ఇథనాల్ తీయడాన్ని కట్టడి చేసింది, కొద్ది రోజులకే కొంత సడలించింది. ఒక ధరను కాపాడబోయి ఇంకో పెట్టుబడిని కుదిపే పద్ధతికి ఇది ఒక ఉదాహరణ. ఈ వాదానికి ఉన్న లోపం ఒక్కటే: ఇదే ధరల కింద దేశంలో వందల మిల్లులు నడుస్తున్నాయి.

*నీరు, పంట మారాయన్న వాదం.* నిజాంసాగర్‌లో పూడిక పేరుకుంది. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీళ్లలో హైదరాబాద్ తాగునీటికి పెద్దపీట పడింది. పన్నెండు నెలలు నిలబడాల్సిన పంటకు ఇది గండం. చివరి ఆయకట్టును ఆదుకోవడానికి గోదావరి నుంచి అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టారు. నీళ్లు వచ్చాయి, చెరుకు రాలేదు, వరి వచ్చింది. ఊళ్లోనే కొనుగోలు కేంద్రం, మద్దతు ధర, నాలుగు నెలల్లో చేతికి డబ్బు ఉన్నప్పుడు రైతు వరి వైపు మొగ్గడం తెలివైన పనే. అలా అందరూ మొగ్గాక 2021–22లో ఉప్పుడు బియ్యం ఎవరు కొనాలన్న దానిపై రాష్ట్రం, కేంద్రం తలపడ్డాయి. పసుపు రైతులు ఇంకో దారి తొక్కారు. ధర కోసం, బోర్డు కోసం 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నుంచి 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. 2025లో పసుపు బోర్డు అక్కడే మొదలైంది. బోర్డు వచ్చింది కాబట్టి ధర వస్తుందా అన్నది వేరే చర్చ. ఈ వాదం బలం రైతు ఎంపికను గౌరవించడం. బలహీనత, ఆ ఎంపికలో మిల్లు ప్రవర్తన పాత్ర ఎంతో చూడకపోవడం.

*వ్యవస్థగా చూడాలన్న వాదం.* అమెరికాలోని ఎంఐటీలో జే ఫారెస్టర్ 1950ల చివర కర్మాగారాల ఉత్పత్తి ఎందుకు ఊగిసలాడుతుందో పరిశీలిస్తూ మొదలుపెట్టిన మార్గమిది. డొనెల్లా మెడోస్ దాన్ని వనరులకు, సమాజానికి విస్తరించారు. పీటర్ సెంగే 1990లో వచ్చిన ‘ద ఫిఫ్త్ డిసిప్లిన్’లో సంస్థల్లో పదేపదే కనిపించే కొన్ని నమూనాలకు పేర్లు పెట్టాడు. బోధన్ కథకు మూడు సరిపోతాయి. మొదటిది, బెడిసికొట్టే పరిష్కారం: రైతు చెల్లింపు వాయిదా వేస్తే ఈ నెల నగదు మిగులుతుంది, వచ్చే ఏడు చెరుకు తగ్గుతుంది. రెండోది, భారం పక్కకు నెట్టడం: ఖజానా అప్పు, భూమి అమ్మకం అలవాటయ్యాక చెరుకు అభివృద్ధి, యంత్రాల ఆధునికీకరణ వంటి అసలు పని చేసే సత్తాయే క్షీణిస్తుంది. సొంత క్షేత్రాలు పోవడం ఇందులో కీలకం. చెరుకు కొరతను తట్టుకునే శక్తినే అమ్ముకుని కొరత అప్పు తీర్చినట్టయింది. మూడోది, లక్ష్యాన్ని దించుకోవడం: పూర్తి సామర్థ్యంతో ఆడటం నుంచి సీజన్ ఆడటం దాకా, అక్కడి నుంచి గేటు తెరిచి ఉంచడం దాకా.

ఈ దృష్టి మీద విమర్శలు

నాలుగో వాదం వినడానికి ఇంపుగా ఉంటుంది, కాబట్టి దాన్ని గట్టిగా పరీక్షించాలి. దాని మీద ప్రధానంగా మూడు ఆక్షేపణలున్నాయి.

ఒకటి, ఏ చర్య తీసుకున్నా వికటిస్తుందనడం సంస్కరణలను అడ్డుకునేవారి పాత ఎత్తుగడ అని ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1991లో హెచ్చరించాడు. నిజానికి అనుకోని ఫలితాలపై 1936లో రాసిన సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ కూడా అవి తప్పనిసరని అనలేదు. తెలియక, పొరబడి, తక్షణ ప్రయోజనం తప్ప వేరే చూడక వస్తాయన్నాడు. అంటే చాలా వరకు ముందే పసిగట్టవచ్చు.

రెండు, అన్నీ అన్నిటికీ ముడిపడి ఉన్నాయనుకుంటే ఎక్కడ చేయి పెట్టాలో తెలియదు. ప్రభుత్వాలు చిన్న చిన్న అడుగులతోనే నేర్చుకుంటూ పోతాయని రాజనీతి శాస్త్రవేత్త చార్లెస్ లిండ్‌బ్లోమ్ 1959లో వాదించాడు. అతుకు వేయడం తప్పు కాదు, ఆ అతుకు ఏం చేసిందో చూసి మార్చుకోకపోవడం తప్పు అన్నది ఆ వాదం నుంచి తీయగల సారం.

మూడోది అన్నిటికన్నా బరువైనది: వ్యవస్థ హద్దు ఎవరు గీస్తారు? స్విట్జర్లాండ్ పండితుడు వెర్నర్ ఉల్‌రిక్ 1983లో లేవనెత్తిన ప్రశ్న ఇది. ట్రైబ్యునల్ గీసిన హద్దులో రుణదాతలు, ఆస్తులు ఉంటాయి. కార్మిక సంఘం హద్దులో జీతాలు, క్వార్టర్లు ఉంటాయి. చెరుకు నరికే కూలీలు, వాళ్ల బండ్లు, బెల్లం గానుగలు ఎవరి హద్దులోనూ పడవు. కుట్ర, తక్కువ ధర, రాజకీయం వంటి జవాబుదారీ ప్రశ్నలను ‘వ్యవస్థే అలాంటిది’ అన్న మాటతో మాఫీ చేసే ప్రమాదమూ ఈ దృష్టిలో ఉంది.

పక్కపక్కన పెట్టి చూస్తే

- యాజమాన్య వాదం: జబ్బు, అధికారం తప్పుడు చేతుల్లో ఉండటం. మందు, చేతులు మార్చడం. వదిలేసేది, చేతులు మారినా మారని చెల్లింపు అలవాటు.
- ధరల వాదం: జబ్బు, రెండు ధరల మధ్య పొంతన లేకపోవడం. మందు, రాబడి వాటా. వదిలేసేది, అదే ధరలతో నిలిచిన మిల్లులు.
- నీరు–పంట వాదం: జబ్బు, చెరుకుకు కాలం చెల్లడం. మందు, పంట మార్పిడి. వదిలేసేది, రైతు చెరుకు మానడానికి మిల్లే కారణమైన భాగం.
- వ్యవస్థా వాదం: జబ్బు, తక్షణ పరిష్కారాల ఫలితం ఆలస్యంగా వేరే చోట తేలడం. మందు, వలయాన్ని గుర్తించి తెంచడం. వదిలేసేది, ఫలానా నిర్ణయానికి ఫలానా వారు బాధ్యులన్న ప్రశ్న.

మొదటి మూడూ ఒక్కో భాగాన్ని పట్టుకుంటాయి. నాలుగోది ఆ భాగాల మధ్య సంబంధాన్ని చూపుతుంది, కానీ మొదటి మూడింటి సాక్ష్యం లేకుండా అది ఖాళీ బొమ్మ.

ఇంకా తేలనివి

2002 నాటికి మిల్లును ప్రభుత్వ రంగంలోనే నిలబెట్టగలిగేవారా? రెండు వైపులా వాదించేవారున్నారు, కానీ సొంత భూములు పోకుండా ఉండుంటే ఏమయ్యేదన్నది లెక్కకట్టడం కష్టం. తాగునీటి అవసరాలు పెరుగుతున్న మంజీర కింద ఎంత చెరుకు న్యాయం? డ్రిప్‌తో నీరు ఆదా అయినా, ఆదా అయిన నీరు చెరువు చేరుతుందా, మరో ఎకరా తడుపుతుందా? మహారాష్ట్ర సహకార మిల్లుల పరంపర 1950లో ప్రవరానగర్‌తో మొదలైంది; అక్కడ రైతు నాయకత్వం ముందు పుట్టి మిల్లు తర్వాత వచ్చింది. ఇక్కడ మూతపడిన మిల్లు ముందు ఉంది, సంఘం తర్వాత పుట్టాలంటున్నారు. ఈ వరుస తిరగబడితే అదే ఫలితం వస్తుందా? ఇథనాల్ మీద కట్టుకున్న లెక్క, ఒక్క ఉత్తర్వుతో మారిపోయే విధానం కింద ఎన్నేళ్లు నిలుస్తుంది?

ముగింపు

బోధన్ రికార్డులో ఒక సంగతి మాత్రం తగినంత స్పష్టంగా ఉంది. పాతికేళ్ల పరిష్కారాలన్నీ కాగితం మీద కనిపించే ఖాతాలను సరిచేశాయి: అప్పు, వాటా, జీతాల పద్దు, ఆస్తి విలువ. ఏ ఖాతాలోనూ రాయనిది ఒకటుంది. ఈ ఏడు నాటితే వచ్చే ఏడు గానుగ ఆడుతుంది, డబ్బు చేతికొస్తుంది అన్న రైతు భరోసా అది. ప్రతి పరిష్కారం దాన్ని కొంచెం ఖర్చు చేసింది. అది నెమ్మదిగా పేరుకుంటుంది, ఒక్క సీజన్‌లో కరుగుతుంది.

అందువల్ల ఇప్పుడున్న పునరుద్ధరణ ప్రతిపాదనను కూడా అది ఎవరి చేతిలో ఉంటుందన్న దానికన్నా మూడు ప్రశ్నలతో తూచాలి. యంత్రాల మరమ్మతుకు ముందే ఎన్ని ఎకరాల నాటు ఒప్పందాలు చేతిలో ఉన్నాయి? మొదటి రెండు మూడు సీజన్ల చెరుకు డబ్బు, మిల్లు తాకలేని ప్రత్యేక ఖాతాలో ముందే జమ అవుతుందా? మిల్లు మధ్యలో ఆగితే కార్శితోటతో మిగిలిపోయిన రైతుకు ఎవరు బాధ్యులు? బ్యాంకుల బాకీ తీర్చడం అవసరమే. కానీ ఈ మూడింటికి జవాబు లేకుండా బాకీ మాత్రమే తీర్చి బాయిలర్ రాజేస్తే, అది పరిష్కారాల వరుసలో ఇంకొకటవుతుంది. రెండో సీజన్‌లో చెరుకు రాలేదని రైతుల మీద నెపం వేయాల్సి వస్తుంది.